ఉత్తుత్తి తోట

అశ్వని కార్తె, తొమ్మిదో రోజు

ఉత్తుత్తి తోట చెప్పింది ఇరవై ఎనిమిది కిలోలు. నాలుగో వరస తూగింది ముప్పై మూడున్నర.

మొదటి రెండు రోజులూ కాటా తప్పనుకున్నాను. మూడో రోజు కాటా మార్చాను. నాలుగో రోజు కాటా దగ్గర కూర్చునే మనిషిని కూడా మార్చాను. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మిగతా పదకొండు వరసల్లో నా తోట మాట అరకిలో కూడా తప్పదు. ఈ ఒక్క నాలుగో వరస దగ్గర మాత్రం నా ముఖం మీద కొట్టినట్టు ఐదున్నర కిలోలు ఎక్కువిస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కోపం కంటే సరదాగానే ఉంది. ఐదేళ్ళలో ఈ తోట నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే మొదటిసారి.

నా పేరు చెంచులక్ష్మి. నా పని పైన కంప్యూటర్ గదిలో. కింద, ఒకప్పుడు నల్లరాయి తవ్వుకుపోయిన గొయ్యిలో, పన్నెండు వరసల గాజు గొట్టాలున్నాయి. వాటిలో తిరిగే పచ్చనీళ్ళలో నాచు పెరుగుతుంది. సాయంత్రం దాన్ని వడకట్టి ముద్ద తీస్తారు. మనిషికి రోజుకి కిలో ముద్ద, అదే మా తిండి. ఆ పన్నెండు వరసలూ అచ్చంగా నా కంప్యూటర్లో కూడా ఉన్నాయి. ఎండ ఎంతో, వేడి ఎంతో, గాలిబుడగలు ఎన్నో చెబితే, సాయంత్రం రాబోయే ముద్ద ఎంతో అది పొద్దున్నే చెబుతుంది. కాగితాల్లో దాని పేరు సిమ్యులేషన్. గొయ్యిలో మాత్రం అందరూ ఉత్తుత్తి తోట అంటారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు నేనూ అదే రాస్తున్నాను.

గట్టు మీద రేకుల షెడ్డులో అరవై రెండుమంది ఎదురుచూస్తున్నారు. సముద్రం పొలాల్లోకి వచ్చేశాక నడిచి వచ్చినవాళ్ళు. రోహిణి కార్తె వచ్చిందంటే ఆ రేకుల కింద మనిషి బతకడు. లోపల, గొయ్యి చుట్టూ తొలిచిన గుహల్లో మూడొందలమందిమి ఉన్నాం, ఉత్తుత్తి తోట మూడొందల నలభైమందికి తిండి చూపిస్తోంది. అంటే లోపలికి నలభై, మిగతావాళ్ళు ఎండలో పడి ఉత్తరానికి నడవాలి. వచ్చిన వరసలో చీటీలిచ్చారు. మా రాజ్యం అక్క చీటీ యాభై ఒకటి. తన ఇద్దరు ఆడపిల్లలవి యాభై రెండు, యాభై మూడు.

ఆ ఐదున్నర కిలోలూ లెక్కలో వేసుకుందామని మాలకొండయ్య బాబాయ్‌ని అడిగాను. గొయ్యికి పెద్ద ఆయనే.

"కారణం తెలీని తిండిని లెక్కలో వెయ్యను" అన్నాడు. "నీ ఉత్తుత్తి తోట రాకముందు ఆ ఏడాది తొమ్మిదో వరస ఇట్టాగే నెలరోజులు విరగగాసి, ఆనక మురిగిపోయింది. ఆకలికి పోయినోళ్ళని ఎంతమందిని మోసుకెళ్ళామో నీకు గుర్తులేదా?"

గుర్తుంది. అందుకే కారణం వెతకాలి. కృత్తిక కార్తె దాటేలోపు.

అశ్వని కార్తె, పదకొండో రోజు

బాబాయ్ అనుమానం వేరే. నాలుగో వరస చూసే మస్తాన్‌బీ పిన్ని నీళ్ళు సరిగా పిండకుండా ముద్దని కాటా ఎక్కిస్తోందని. ఇరవై ఏళ్ళుగా గొట్టాలు కడుగుతున్న మనిషిని అలా అనడం నాకు నచ్చలేదు. కానీ అడ్డు చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

నాలుగో వరస ముద్ద కిలో, ఏడో వరస ముద్ద కిలో తెచ్చి రెండు పెనాల మీద ఎండేదాకా వేయించాం. రెండూ నూటపది గ్రాములే తేలాయి. బాబాయ్ పెనాలు అటూ ఇటూ మార్చి మూడుసార్లు తూచాడు. చివరికి చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు.

"తీరిందా అన్నా నీ అనుమానం?" అని మస్తాన్‌బీ పిన్ని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

తన వరసలో ఎక్కువెందుకు వస్తోందని ఆమె ఒక్క మాటైనా అడగలేదు. మనిషి నొచ్చుకుందిలే అనుకుని ఊరుకున్నాను.

భరణి కార్తె, మొదటి రోజు

ఈ నాలుగు రోజుల్లో నా తెలివితేటలన్నీ అయిపోయాయి.

నాలుగో వరస నాచు విత్తనం గట్టిదేమోనని ఒక బిందెడు తీసి రెండో వరసలో పోశాం. అక్కడికి వెళ్ళగానే అది బుద్ధిగా ఇరవై ఎనిమిదే ఇచ్చింది. గాలిబుడగల కవాటాలు మార్పించాను. గాజు మందం కొలిపించాను. ఉత్తుత్తి తోటలో అయితే చెయ్యని పని లేదు. నీళ్ళు చల్లబరిచాను, వేడి చేశాను, గొట్టాలు సన్నం చేశాను, బుడగలు రెట్టింపు చేశాను. దేన్ని ఎంత తిప్పినా కిలోకి మించి పెరగదు. ఐదున్నర కిలోలు ఎక్కడో నా కళ్ళముందే కూర్చుని నవ్వుతున్నాయి. అన్నం తింటున్నా అదే ధ్యాస. అన్నం అంటే నాచు ముద్దే, మాట మాత్రం పోలేదు.

భరణి కార్తె, నాలుగో రోజు

పొద్దున గట్టు మీద కటకటాల దగ్గర అక్కని చూశాను. ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు. అక్క పెదాలు పగిలిపోయి ఉన్నాయి. పిల్లలిద్దరూ ఇనప చువ్వలు పట్టుకోబోయి కాలి చేతులు లాక్కున్నారు.

"పిన్నీ, లోపల సల్లగా ఉంటదంటగా?" అంది చిన్నది.

"గుహల్లో చల్లగానే ఉంటుందే. గొట్టాల దగ్గర మాత్రం మధ్యాన్నం మాడుతుంది."

"దాన్ని అడిగి ఇసిగించబాకండి" అని అక్క వాళ్ళని వెనక్కి లాగింది. తన చీటీ సంగతి ఎత్తలేదు. చిన్నప్పుడు కూడా అంతే, ఆకలేస్తే నా కంచం వైపు చూడకుండా అటు తిరిగి కూర్చునేది. ఏడుపొచ్చింది. కానీ అక్క ముందు ఏడవలేదు.

గదికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఉత్తుత్తి తోటలో ఒక అంకె ఉంది, నాచు ఎండని ఎంత బాగా వాడుకుంటుందో చెప్పేది. దాన్ని పిసరంత పెంచితే నలభై కాస్తా యాభై మూడవుతుంది. ఇక్కడ నన్ను పట్టుకోగలిగినవాళ్ళు ఎవరూ లేరు. వేలు మీట మీద పెట్టాను కూడా. అప్పుడు తొమ్మిదో వరస మురిగిన ఏడాది గుర్తొచ్చింది. అంకె పెరిగినంత మాత్రాన గొట్టంలో నాచు పెరగదు. లేని తిండికి అక్కని పిలిస్తే, పిలిచి చంపినట్టే. చెయ్యి తీసేసి మంచినీళ్ళు తాగాను.

భరణి కార్తె, ఆరో రోజు

దొరికింది. కారణం కాదు, దాని తోక దొరికింది.

రోజూ నాలుగో వరస తూకం పక్కన ఉత్తుత్తి తోట మాట రాసి ఉంచాను. ఇవాళ ఊరికే ఆ అంకెలన్నీ చదువుతున్నాను. ముప్పై మూడున్నర, ముప్పై నాలుగు, ముప్పై మూడు, ముప్పై మూడున్నర, తరవాత ఇరవై ఎనిమిది. మళ్ళీ నాలుగు రోజులు ఎక్కువ, ఐదో రోజు ఇరవై ఎనిమిది. అలా ఆరుసార్లు. ఇన్నాళ్ళూ ఎక్కువొచ్చిన రోజుల్ని చూసి బుర్ర బద్దలుకొట్టుకున్నాను గానీ, తక్కువొచ్చిన రోజుల్ని చూడలేదు. ఆ రోజుల్లో తోట మాట నిజమైందిగా, నాకేం పట్టింది?

ఐదు రోజులకోసారి గొయ్యిలో జరిగేది ఒకటే. నేను దిగడం. వెలుగు కొలిచే మీటర్ మా దగ్గర ఒక్కటే పనిచేస్తుంది. అది పట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా వరసలన్నీ తిరిగి, ఎండ ఎంత పడుతోందో రాసుకుంటాను. ఉత్తుత్తి తోటని కట్టింది ఆ అంకెలతోనే.

అంటే నేను వెళ్ళిన రోజున నాలుగో వరస మామూలు వరసలా ఉంటుంది. నేను లేనప్పుడు ఇంకోలా ఉంటుంది. నాచుకి నేనంటే భయమా?

నవ్వుకున్నాను గానీ, వెంటనే గంట గుర్తొచ్చింది. కిందికి దిగే బాట మొదట్లో గంట ఉంది. నాలుగో వరస పక్కనే బట్టలుతికే బండలు, ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునే మూల. అందుకని పైనుంచి దిగేవాళ్ళు ఎవరైనా గంట కొట్టి, వంద లెక్కపెట్టి, అప్పుడు దిగాలి. అది ఇక్కడి మర్యాద. నేను కూడా ఐదేళ్ళుగా ఒక్కసారైనా తప్పకుండా కొట్టి, లెక్కపెట్టి దిగుతున్నాను. ఆ వంద అంకెల్లో కింద ఏం జరుగుతోందో నాకు తెలియదు.

భరణి కార్తె, ఏడో రోజు

గంట కొట్టకుండా దిగాను. సిగ్గుమాలిన పనే. మిట్టమధ్యాన్నం నీళ్ళు పోసుకునేవాళ్ళు ఉండరని ధైర్యం చెప్పుకున్నాను. మలుపు దగ్గర మాత్రం మనసొప్పక, "నేనే, చెంచుని" అని గట్టిగా అరిచి తిరిగాను.

నాలుగో వరస కనిపించలేదు. దాని మీదంతా బట్టలు. ఈ చివర్నించి ఆ చివరిదాకా గొట్టాలకి పైన ఆరు తాళ్ళు కట్టి చీరలు, లుంగీలు, లంగాలు, పసిపిల్లల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. పై బాట మీదుగా జారే గాలికి అన్నీ ఒకేసారి రెపరెపలాడుతున్నాయి. కింద గొట్టాల మీద ఎండ పడుతోంది, పోతోంది, పడుతోంది, పోతోంది. పచ్చనీళ్ళు మిణుకుమిణుకుమంటున్నాయి. ఎంతసేపు నిలబడి చూశానో నాకే తెలియదు.

మస్తాన్‌బీ పిన్ని చేతిలో తడిచీరతో అలాగే ఆగిపోయింది.

"గంట కొట్టకుండా వచ్చావేంది?"

"కొడితే ఇవి తీసేస్తారుగా పిన్నీ."

ఆమె బండ మీద కూర్చుంది. "రూలు నాకు తెలుసులే. గొట్టానికీ సూరీడుకీ మధ్యన ఏదీ ఉండకూడదని మాలకొండయ్యన్న గోడ మీద రాయించాడు. మరి యాడ ఆరేసుకోమంటావు? గుహల్లో ఏస్తే ముక్కవాసన. పసిబిడ్డలకి ఒళ్ళంతా పొక్కులు. ఎండ, గాలి రెండూ వచ్చేది ఈడ ఒక్కచోటే."

"ఎవరివి ఇవన్నీ?"

"అందరియ్యీ. నెల కిందట మొదలెట్టాం, ఇంటికో రోజని వంతులేసుకున్నాం. నీయి ఒక్కటే లేవు."

నా బట్టలు కంప్యూటర్ వెనక వేడిగాలికి ఆరుతాయి. అందుకని మూడొందలమందికీ తెలిసిన సంగతి గొయ్యిలో నా ఒక్కదానికే తెలియదు. తాళ్ళ మధ్య ఒక నీలంగళ్ళ లుంగీ ఊగుతోంది. దాన్ని ఎక్కడో చూసిన గుర్తు.

"ఆ లుంగీ ఎవరిది పిన్నీ?"

"అది మాత్రం అడగబాకు" అంది. తరవాత గొంతు తగ్గించి, "తీసెయ్యమంటావా చెంచూ?" అంది.

"తీస్తే చంపుతాను" అన్నాను.

భరణి కార్తె, పదో రోజు

బట్టల్ని ఉత్తుత్తి తోటలో ఆరేశాను. ఎన్ని తాళ్ళు, ఎంత నీడ, అంతా కొలుచుకొచ్చి మరీ వేశాను. సాయంత్రానికి ముప్పై మూడున్నర వస్తుందని చేతులు నలుపుకుంటూ కూర్చుంటే, తోట ఇరవై ఆరు చెప్పింది. పెరగాల్సింది పోయి రెండు కిలోలు తగ్గింది. నీడ పడితే ఎండ తగ్గుతుంది, ఎండ తగ్గితే ముద్ద తగ్గుతుంది. దాని లెక్క అది.

ఒక పూటంతా దాని మీద అలిగాను. ఆనక గొట్టాల మీద ఆ మిణుకులు గుర్తొచ్చాయి. నా తోట ఎండని పది నిమిషాలకోసారి చూస్తుంది. పది నిమిషాల ఎండనీ నీడనీ కలిపేసి, సగటు వేసి మింగేస్తుంది. దాని కంటికి చీర రెపరెపలు కనపడవు, ఒక నిలకడైన మసక మాత్రం కనపడుతుంది.

నాచు అలా కాదు. మధ్యాన్నం ఎండ దానికి మోయలేనంత ఎక్కువ. పసిపిల్ల నోట్లో ముద్ద మీద ముద్ద కుక్కితే ఏం చేస్తుంది, ఉక్కిరిబిక్కిరై కక్కేస్తుంది. ఒక ముద్ద పెట్టి, మింగనిచ్చి, మళ్ళీ పెడితే కంచమంతా తింటుంది. చీరలు చేస్తున్న పని అదే.

అందుకని పది నిమిషాలు తీసేసి, సెకనులో ఇరవయ్యో వంతుకోసారి చూడమన్నాను. ఒక్క రోజు ఎండని లెక్కపెట్టడానికి యంత్రానికి పదకొండు గంటలు పట్టింది. గది కొలిమైపోయింది. నా చీర పది నిమిషాల్లో ఆరిపోయింది. చివరికి తెర మీద అంకె వచ్చింది: ముప్పై మూడు కిలోల నాలుగొందల గ్రాములు.

గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. అయినా గట్టిగా నవ్వాను.

కృత్తిక కార్తె, రెండో రోజు

మాలకొండయ్య బాబాయ్‌కి ఐదు రోజుల కిందటే చెప్పాను. ఆయన ముఖం గంటుపెట్టుకుని విన్నాడు.

"రూలు గోడమీద రాసున్నాక గుడ్డలు ఎవరు ఆరేశారు?"

"అందరూ బాబాయ్. నీలంగళ్ళ లుంగీ కూడా ఉంది."

ఆయన కట్టుకున్న నీలంగళ్ళ లుంగీ వైపు నేను చూడలేదు. చాలాసేపు దగ్గాడు. తరవాత, "కారణం తెలిసిందిగా, అయితే పరీక్ష చెయ్" అన్నాడు.

బాట గాలి నాలుగు వరసలకే తగులుతుంది, మూడు నుంచి ఆరు దాకా. గాలి లేని చోట బట్ట ఊరికే నీడ. గొయ్యిలో మనిషికి రెండు జతలు. ఒంటి మీదవి పోగా మిగిలినవన్నీ తెచ్చి, తడిపి ఆరేస్తే రెండున్నర వరసలకి సరిపోయాయి. నాలుగు రోజులు తూచాం. అన్నీ ఉత్తుత్తి తోట చెప్పినట్టే వచ్చాయి. ఇవాళ లెక్క తేల్చాను. లోపలికి రాగలిగినవాళ్ళు యాభై ముగ్గురు.

అంకె చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు. అక్క, పెద్దది, చిన్నది, అక్కడితో సరిగ్గా ఆగింది. ఎవరు చూసినా నేనే వండాననుకుంటారు. బాబాయ్ కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"తూకాలు మీ ముందే వేశాం బాబాయ్."

"నేనేమన్నా అన్నానా అమ్మాయ్" అన్నాడు. అనలేదు. కానీ యాభై నాలుగో చీటీ మనిషి ముఖం నేనెలా చూడాలి? ఇంకా తొమ్మిదిమంది. తాళ్ళు కట్టడానికి ఒకటిన్నర వరస ఖాళీగా ఉంది, గాలీ ఉంది. లేనిది గుడ్డ ఒక్కటే.

కృత్తిక కార్తె, పదో రోజు

ఆ మాట కటకటాల దగ్గర అక్కతో ఊరికే అన్నాను. ఇంత చేసి గుడ్డ దగ్గర ఆగిపోయామే అని.

"గుడ్డలా?" అంది అక్క. "మా మూటల్లో ఇంకేముండాయే?"

షెడ్డు వెనక చూశాను. మూటలు నా ఎత్తున పోగుపడి ఉన్నాయి. రోగాలొస్తాయని మూటలు బయటే వదిలి రావాలన్నది మా ఇంకో రూలు. ఇల్లు మునుగుతుంటే మనుషులు పట్టుకొచ్చేది ఏముంటుంది, చేతికందిన చీరలు, దుప్పట్లు. నెలరోజులుగా నేను ఆ మూటల పక్కనే నిలబడి అక్కతో మాట్లాడుతున్నాను. ఉత్తుత్తి తోటలో మనుషుల్ని నేనెప్పుడూ తినే నోళ్ళుగానే రాసుకున్నాను. మనిషి వెంట ఒక చీర కూడా వస్తుందని ఎక్కడా రాయలేదు.

పెద్ద గంగాళాల్లో ఉడకబెట్టి, బుట్టల్లో కిందికి దించాం. మనుషుల కంటే ముందు వాళ్ళ చీరలు గొయ్యిలోకి వచ్చాయి. మస్తాన్‌బీ పిన్ని ఒక్కొక్కటే విప్పి, అంచులు చూసి మురిసిపోతూ ఆరేసింది. నాలుగు వరసలూ నిండాయి. ఐదు రోజులు తూచాం. ఆరో వరసకి గాలి కాస్త తక్కువ. మొత్తం మీద అరవై ఒకటిన్నర తేలింది.

"అర మనిషిని ఎట్టా పిలుస్తారు?" అని ఎవరో వెనకనుంచి అన్నారు.

నేను కాగితం మళ్ళీ లెక్కపెట్టాను. మరోసారి లెక్కపెట్టాను. అరకిలో ఎక్కడా దొరకలేదు. దొరికిందని రాయడానికి చెయ్యి రాలేదు.

మాలకొండయ్య బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఆ అర కిలో నా వాటాలోంచి కొట్టేసి రాసుకో. ఈ వయసులో అరిగేదే అంతంత మాత్రం" అన్నాడు. "తలుపు తియ్యండి."

రోహిణి కార్తె, రెండో రోజు

గట్టు మీద రేకులు ఇవాళ ముట్టుకోలేనంతగా కాలుతున్నాయి. షెడ్డు ఖాళీ.

మీటర్ రోజు. బాట మొదట్లో గంట కొట్టి, అలవాటు ప్రకారం లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై దాకా వచ్చేసరికి కిందనుంచి మస్తాన్‌బీ పిన్ని కేక వినపడింది.

"ఈడెవురూ నీళ్ళు పోసుకోటంలా. గుడ్డలు తియ్యంలే, రా."

దిగాను. ఆరో వరస దగ్గర అక్క కొంగు నడుముకి దోపుకుని తడిదుప్పటి తాడు మీద వేస్తోంది. పిల్లలిద్దరూ దాని చివరలు పట్టుకుని లాగుతున్నారు. నన్ను చూసి అక్క, "నీ చీర కూడా తేవే, ఇంకో తాడు ఖాళీగా ఉండాది" అంది. గోడ మీద పాత రూలు మీద సున్నం కొట్టేశారు గానీ, కొత్తది ఇంకా రాయలేదు.

నాలుగో వరస మీద మీటర్ పెట్టాను. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది, ఒక్కచోట నిలవదు. వెలుగు ఎంత అన్న గడిలో ఐదేళ్ళుగా ఒకే ఒక్క అంకె రాసేదాన్ని. ఇవాళ ఏం రాయాలో తోచక కాసేపు ముల్లునే చూస్తూ నిలబడి, ఆ గడిలో "బట్టలు ఆరేసి ఉన్నాయి" అని రాశాను.